పద్మనాభపురము: లేని నగరునకు కొలతలు

తిరువనంతపురమునుండి కన్యాకుమారికి పోవు బాటలో, నాగర్‌కోయిలు చేరకమునుపే తక్కలై యను చిన్న పట్టణము గలదు. అచ్చట పెద్దబాట విడిచి రెండు కిలోమీటర్లు పోయినచో, కొండల నీడలో నొక రాతికోటయు, దాని నడుమ పెంకుటికప్పుల గుంపు ఒకటియు కానవచ్చును. అదియే పద్మనాభపురపు నగరు. నగరనగానే పాలరాతి మెట్లును గుమ్మటములును తలచుకొని పోవువారికి ఇచ్చట ఆశాభంగము తప్పదు. ఏటవాలు కప్పులు, కొయ్యస్తంభములు, తెల్లని గోడలు, తల వంచి దూరవలసిన వాకిండ్లు. వెలుపలినుండి చూచినప్పుడు బహుకుటుంబీకుడగు నొక మోతుబరి యిల్లని తోచునేగాని రాజగృహమని తోచదు. లోపల గంటసేపు తిరిగిన పిమ్మట నిది రాజగృహము గాక మఱేమియు గాదని తెలియును.

ఈ కట్టడమునకు 1601 ప్రాంతమున వేణాడు రాజులు పునాది వేసిరి. తిరువాన్కూరు రాజ్యమును విస్తరింపజేసిన మార్తాండవర్మ (1729-1758) దీనిని చాలవఱకు తిరుగ గట్టించెను. ఆయన 1750లో తన రాజ్యమునంతయు శ్రీ పద్మనాభస్వామికి ధారవోసి, స్వామి దాసుడనని చెప్పుకొని పాలించెను. కల్కుళమను పాతపేరు పోయి ఊరు స్వామి పేర వెలసెను. 1795 ప్రాంతమున రాజధాని తిరువనంతపురమునకు తరలిపోయెను. 1956లో రాష్ట్రములను తిరుగ విభజించినప్పుడు కన్యాకుమారి జిల్లా తమిళదేశమునకు చేరినది గాని, నగరు మాత్రము కేరళ పురావస్తుశాఖవారి చేతిలోనే నిలిచినది. కూతురు అత్తవారింట నుండగా ఆమె పెట్టె తాళములు పుట్టినింట నున్నట్లు! సోమవారమునాడు తెఱువరు గనుక, పోదలచిన సోదరీమణులు దినము చూచుకొని పోవలెను. చెప్పులు వెలుపల విడువవలెను. అది మేలే. ఆ నేల చల్లదనము పాదములకు తెలియకున్నచో ఈ యిల్లు సగమే చూచినట్లు.

మేమిచ్చటికి పోయినది తీర్థయాత్రకు గాదు. మా అక్కగారి పెద్దమ్మాయి హైదరాబాదులో ఆన్‌లైను ఆటలు తయారుచేయు నొక సంస్థలో పనిచేయుచున్నది. వేర్వేఱు దేశములవారు ఎవరి యింట వారు కూర్చుండి, కంప్యూటరు తెరమీద నొకే కల్పితరాజ్యమున ప్రవేశించి, కలిసి తిరిగి, కలిసి యుద్ధముచేయు ఆటలివి. (పిల్లలు వీనితో రాత్రులు పాడుచేసికొందురని సణుగువారిలో మేమును ఉన్నాము. ఈ వ్యాసము వ్రాసినంతమాత్రమున ఆ సణుగుడు మానినట్లు కాదు.) రాజ్యమన్న తరువాత నందు ఇండ్లుండవలెను గదా. ఇంటి వెలుపలి రూపము నొకరు కట్టుదురు. లోపలి గదులు, వాకిండ్లు, దీపములు, పాత్రసామగ్రి అమర్చువారు వేఱు. ఆ రెండవ పని మా యమ్మాయిది.

ఆమెకు ఒక రాజనగరు అప్పగించిరి. నూఱు స్తంభముల కొలువుకూటము, బంగారుపూత గోడలు, నలువది గదులు కట్టి చూపినది. పై యధికారి చూచి, అందముగానే యున్నది గాని యిందులో ఎవరును కాపురమున్నట్లు లేదని త్రిప్పి పంపెనట. మరల చూపుటకు నెల దినములు గడువు. ఆమె మా యింటికి వచ్చి లాప్‌టాపు తెఱచి మాకును చూపినది. “పిన్నీ, సామాను రెట్టింపు చేశాను. అప్పుడు ఇల్లు పోయి అంగడి అయింది. ఏం తక్కువైందో తెలియడంలేదు” అని కన్నీళ్లు పెట్టుకొన్నంత పని చేసినది. మేము ఆ గదులన్నియు త్రిప్పించుకొని చూచి, వంటయిల్లేదమ్మా యని అడిగితిమి. లేదు. వంటయింట ఆట యేముండునని దానిని మొదటి చిత్తులోనే కొట్టివేసిరట. గది యొకటి పెరిగినచో నెన్నో దినముల పనియు, యంత్రమునకు బరువును పెరుగును గనుక, పనికిరాని గది నొప్పుకొనరు. నూఱు స్తంభములు పనికివచ్చినవి గాబోలు! మా వారును, ఇట్లు గోడలు చూచి లాభము లేదు, నిజముగా రాజులు కాపురమున్న యిల్లొకటి చూచి రండని, తామును బయలుదేరిరి. ఇప్పటికిని లోపలి యమరిక చెడక నిలిచిన కొయ్యనగరులలో నింత పెద్దది అరుదని పద్మనాభపురమును ఎంచుకొంటిమి.

మొదట ప్రవేశించునది పూముఖము, అనగా రాజు వచ్చినవారిని చూచు ముంగిలి మండపము. పైకప్పు కొయ్యపలకలపై పద్మములు చెక్కియున్నవి. ఒకదానివంటిది మఱియొకటి లేదందురు. మెడ నొచ్చువఱకు చూచితిమి. గుఱ్ఱపురౌతు బొమ్మతో నొక వ్రేలాడు దీపము, చీనా పనితనపు కుర్చీ, నున్నని నల్లరాతి మంచము ఉన్నవి. గోడకు ఓణపు పండుగకు ప్రజలు కానుకగా తెచ్చు చిత్రవర్ణపు విండ్లు తగిలించియున్నవి. మా యమ్మాయి వీనియొద్దనే చాలసేపు నిలిచినది. ఆమె తన కొలువుకూటపు గోడలకు కత్తులు, డాళ్లు తగిలించినది. అవి ఎచ్చటివి, ఎవరు తెచ్చిరి అని అడిగినచో చెప్పలేదు. ఈ విండ్లు అట్లు కావు. ఏటేట నొక దినమున ఈ వాకిట జనము నిలిచియుండెనని అవియే చెప్పుచున్నవి.

పూముఖముపైన మంత్రశాల. మెట్లు నిట్టనిలువుగా నుండును. పైకి పోగానే చీకటి. కొంతసేపటికి చీకటి కాదు, చల్లని మసకవెలుగని తెలియును. చుట్టును కొయ్యరెక్కల కిటికీలు, కొన్నింట రంగు అభ్రకపు రేకులు. వెలుగును వడగట్టి లోనికి వదలుచున్నట్లుండును. క్రింద నేల నల్లని అద్దము. కాల్చిన కొబ్బరిచిప్పల మసి, సున్నము, గ్రుడ్డులోని తెల్లసొన, చెట్లరసములు కలిపి వేసినదట. కిటికీలోని వెలుగు ఆ నేలపై పడి మరల గోడల కెగయుచున్నది. ఎందఱు కూలివారు ఎన్ని దినములు మోకాళ్లపై కూర్చుండి రాచిరో ఆ నిగనిగకు!

మా యమ్మాయి నగరులో వెలుగు అన్నిమూలల నొకే తీరుగా నుండినది, దేవతల నీడలేని శరీరమువలె. ఎచ్చటినుండి వచ్చుచున్నదో తెలియదు. యంత్రమునకు ఆడువారు ఆడుచున్నప్పుడే వెలుగు లెక్కించుట భారము గనుక, ఏ గోడపై ఎంత వెలుగు, ఎంత నీడ అన్నది ముందుగానే లెక్కించి రంగువలె గోడకు పూసివేయుట యొక పద్ధతియని ఆమె చెప్పినది. అట్లు పూయువారు మొదట కిటికీ నెచ్చట నుంచవలెనో తెలిసికొనవద్దా? గది కట్టి కిటికీ పెట్టుటగాదు, వెలుగు వచ్చు దిక్కు చూచి గది కట్టుట ఈ యింటివారి పద్ధతి. ఎండయు వానయు అధికమగు దేశము గనుక చూరులు క్రిందివఱకు దించి, గాలిని మాత్రము రానిచ్చిరి. ఆ రెక్కలు, ఆ చూరు, ఆ చీకటి మూడును ఒకే కారణమునుండి పుట్టినవి.

కొలతల విషయమునను నిట్లే. కేరళదేశపు వడ్రంగులు కోలు అను కొలబద్దతో పని చేయుదురు. కోలునకు 24 అంగుళములు, మన లెక్కలో సుమారు 72 సెంటీమీటర్లు. స్తంభపు నడిమి దూరము, గది నిడివి, వసారా వెడల్పు అన్నియు ఆ కొలతలోనే లెక్కించుదురు. అందుచేతనే దూలమునకు దూలము, పలకకు పలక ఇనుప మేకులతో పనిలేక కొయ్యమేకులతో కుదిరిపోవును. ఇది విని మా యమ్మాయి చప్పట్లు కొట్టినది. వారును అంతేనట. ఒక ప్రమాణము పెట్టుకొని, గోడముక్క, వాకిలి, స్తంభము, మెట్టు అన్నియు ఆ ప్రమాణమునకు సరిపడ నొక్కొకటి చేసి, వానినే మరల మరల కూర్చి నగరములు కట్టుదురట. ఒక్క వాకిండ్ల విషయమున మాత్రము భేదము వచ్చినది. తాయికొట్టారమను పాత యింటి గుమ్మమును మేము మూరలతో కొలిచితిమి. ఆటలో నీ కొలత పనికిరాదట. ఆడువాని వీపువెనుక కొంచెము ఎత్తున నొక కన్ను తేలుచు అతనిని వెంబడించును. మనము తెరమీద చూచునది ఆ కన్ను చూచినదే. గుమ్మము పొట్టిదైనచో మనిషి దూరునుగాని కన్ను గోడకు తగులుకొనును. అందుచేత ఆటలలోని గుమ్మములన్నియు ఏనుగులు దూరునంత యుండునట. సరే, గుమ్మము పెంచవలసినదే. కాని గుమ్మముతోపాటు మంచమును, పీటను, చెంబును పెంచరాదు. చేతితో పట్టుకొను వస్తువు చేతికి సరిపోయినచో, మిగిలిన గదియెంత పెద్దదైనను కన్ను సరిపెట్టుకొనును.

ఇక మేము చెప్పదలచిన చోటు ఊట్టుపుర, అనగా భోజనశాల. రెండు అంతస్తులు, అంతస్తునకు 1000 మంది చొప్పున 2000 మంది కూర్చుండి భుజింపవచ్చునని చెప్పుదురు. చెక్కడము లేదు, చిత్తరువు లేదు. ఈ చివరనుండి ఆ చివరివఱకు పొడవైన నేల, వరుసగా కిటికీలు, మఱేమియు లేదు. ఊరగాయలు మొదలగువానికి వాడిన పెద్దపెద్ద చీనా జాడీలు కొన్ని ఉన్నవి. మనుష్యుడు దాగునంతటివి. యాత్రికులు ఇచ్చట నిలువరు. ఫొటోలకు తగిన దేమియు లేదని తొందరగా దాటిపోవుదురు. మా యమ్మాయియు దాటబోయినది. మేము ఆపితిమి.

ఈ గదిలో వేయిమంది కూర్చున్నారనుకొనుము. పెండ్లిబంతిలో మనిషికి మూరన్నర యెడము కావలెను. బంతికి బంతికి నడుమ వడ్డించువాడు వంగి నడచుటకు దారి యుండవలెను. లేనిచో వెనుకవాని విస్తరిలో పంచె కుచ్చెళ్లు పడును. పాతికమందికి నొక వడ్డనవాడు చొప్పున నలువదిమంది. అన్నము, పప్పు, కూర, పులుసు, మజ్జిగ చేతులు మారుటకు ఇంకెందఱో. మనిషికి 150 గ్రాముల బియ్యమని తక్కువలో తక్కువ వేసికొన్నను వేయిమందికి 150 కిలోలు, రెండంతస్తులకును 300 కిలోలు. అన్ని బియ్యము ఒక గుండిగలో వండుటకు వీలులేదు; గాడిపొయ్యి త్రవ్వి వరుసగా నెక్కింపవలెను. త్రాగుటకును చేయి కడుగుటకును మనిషికి రెండు లీటర్ల నీరన్నచో 2000 మందికి 4000 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెతో మోయువారికి అది 260కి పైబడిన బిందెలు. వంటకు వలయు నీరు, పాత్రలు తోమునీరు ఇందు చేర్చలేదు. ఇప్పుడు చెప్పుము, నూయి ఎంత దూరమున నుండవలెను? గంజి వార్చిన కాలువ ఎటు పోవలెను? రెండువేల ఆకులు ఎత్తి ఎచ్చట పారవేయుదురు? ఆ కుప్పయొద్దకు ఆవులు వచ్చునా, కుక్కలు వచ్చునా? పొగ రాజుగారి పడకగదివైపు పోకుండ గాలి ఏ దిక్కునుండి వీచవలెను?

ఆమె వ్రాసికొనుట మొదలుపెట్టినది. పెండ్లి వంటలు చేయించిన ప్రతి గృహిణికిని తెలిసిన లెక్కలే యివి. కాని ఈ లెక్కలనుండియే యింటి రూపు వచ్చును. నూయికిని భోజనశాలకును నడుమ వంటయిల్లు, వంటయింటి వెనుక కట్టెలకొట్టు, కట్టెలబండి లోనికి వచ్చుటకు పెద్దతలుపు, తడి నేలకు వాలు. గదులు నలువది యని మొదట సంఖ్య పెట్టుకొన్న చోట గదికి పని వెదకుకొనవలసి వచ్చును. పని మొదట పెట్టుకొన్నచో గది తానే వచ్చి నిలుచును.

అప్పుడు మాకు రెండు రాజగృహములు జ్ఞప్తికి వచ్చినవి. మొదటిది మయసభ. మయుడు 14 మాసములు శ్రమించి ధర్మరాజునకు కట్టియిచ్చిన సభ. నీరని తోచినచోట నేల, నేలయని తోచినచోట నీరు. అద్భుతమే. కాని ఆ సభలో ఎవరైన నిద్రించిరా, వండిరా, దీపము వెలిగించిరా యన్నది మనకు జ్ఞాపకమున్నదా? వచ్చిన చుట్టము నీళ్లలో పడినది మాత్రము జ్ఞాపకమున్నది. రెండవది సుందరకాండలో హనుమంతుడు రాత్రివేళ వెదకిన రావణుని యిల్లు. వాల్మీకి దానిని వర్ణించు తీరు చూడుడు. పానశాలలో సగము తిని విడిచిన భక్ష్యములు, దొర్లిన పాత్రలు, నలిగిన పూలమాలలు, వీణను కౌగిలించి నిద్రించిన స్త్రీ, చెదరిన నగలు. ఒక్కరును మేలుకొనియుండరు, ఒక్క మాట వినబడదు. అయినను ఆ రాత్రి ఆ యింట జరిగినదంతయు హనుమంతునకు, అతని వెనుక మనకు, తెలిసిపోవును. ఆటలు కట్టువారు ఇప్పుడు ఇదే విద్యను గొప్పగా చెప్పుకొందురట: మాటలతో చెప్పక, గదిలో విడిచిన వస్తువులచేత కథ చెప్పించుట. మా యమ్మాయి కట్టినది మయసభ. అధికారి యడిగినది రావణుని యిల్లు.

తాయికొట్టారము ఈ నగరులోని అన్నిటికంటె పాతభాగము. నడుమ ఆకాశము కనబడు నాలుగువసారాల లోగిలి. మన మండువా లోగిళ్లు ఎఱిగినవారికి క్రొత్తగా నుండదు. పనసమ్రానితో చెక్కిన యొక స్తంభము మాత్రము తప్పక చూడదగినది. ఉప్పిరికమాళిక నాలుగంతస్తులు. క్రింద బొక్కసము, దానిపైన రాజు పడకగది. ఓషధివృక్షముల కొయ్యముక్కలనేకము కూర్చి చేసిన మంచము అచ్చటనే యున్నది. అన్నిటికంటె పైన దేవతార్చన. ధనముపైన రాజు, రాజుపైన దేవుడు. కట్టినవారి మనస్సు నిలువుగా గీసినట్లున్నది. అన్నట్లు, 1993లో వచ్చిన మణిచిత్రతాళు అను మలయాళ చిత్రము కొంత యీ నగరులో తీసినదే. మన యిండ్లలో చంద్రముఖి పేరు వినని వారుండరు. దానికి పుట్టిల్లు ఆ చిత్రమే. ఈ మెట్లు, ఈ మసకవెలుగు చూచినవారికి, దయ్యమును ప్రత్యేకముగా తేవలసిన పని లేదని తెలియును.

నవరాత్రి మండపము రాతిది. కొయ్యయింటిలో తిరిగి తిరిగి దానిలో అడుగిడగానే అడుగుల చప్పుడు మాఱును. నున్నని నేల, చెక్కిన రాతిస్తంభములు. ఇచ్చట నాట్యము, సంగీతము జరిగెడిది. ప్రక్కగా కొయ్యజాలీల మఱుగున నొక చోటున్నది. రాణివాసపు స్త్రీలు అచ్చట కూర్చుండి, జాలీ సందులగుండ చూచెడివారట. మేము ఆ మఱుగునకు పోయి కన్ను ఆనించి చూచితిమి. మండపము ముక్కముక్కలుగా కనబడినది. నాట్యగత్తె చేయి కనబడినచో ముఖము కనబడదు. ఇట్లే యెన్ని నవరాత్రులు చూచిరో! మండపమున నిలిచినవారికి మాత్రము ఆ జాలీ ఒక అందమైన గోడ. దానిని చూచి కొయ్యపని మెచ్చుకొందురు.

ఏ యింటనైనను ఎవరు ఎవరిని చూడవచ్చును, ఎవరు ఏ గడపవఱకు రావచ్చును అన్నది గోడలలోనే వ్రాసియుండును. తిరువాన్కూరు రాజ్యపు ఊట్టుపురలలో విస్తళ్లు ముఖ్యముగా బ్రాహ్మణులకే వేసెడివారు. ఆ రాజ్యమున దేవాలయముల తలుపులు అందఱకును తెఱచుటకు 1936 సంవత్సరపు ప్రకటన రావలసివచ్చెను. అన్నము వండిన బియ్యమును పండించినవారిలో ఎందఱు ఆ పొడవైన నేలమీద కూర్చుండలేదో! ఆటలో నెవరైనను ఏ గదికైనను పోవచ్చును గదా, ఇక ఈ గడపలను చూపుటెట్లని మా యమ్మాయి సందేహపడినది. రెండు దారులు పెట్టుమంటిమి. రాజు నడచు దారి వెడల్పుగా, వెలుగుగా నుండవలెను. పనివారి దారి ఇరుకుగా, గోడలవెనుకగా, నూయినుండి వంటయింటికిని వంటయింటినుండి పడకగదికిని పోవలెను. దారి చూచినచో ఎవరిదో తెలియును.

దీనితోనే అధికారికి చెప్పవలసిన జవాబును దొరికినది. వంటయింట ఆట యేమున్నదని గదా వారి ప్రశ్న? విరాటపర్వమున నేమున్నదని మేమడిగితిమి. పాండవులు మాఱువేషమున నున్న ఆ కొలువులో భీముడు చేరిన చోటేది? వంటయిల్లు. కీచకునిచేత అవమానపడిన ద్రౌపది అర్ధరాత్రమున ఎవరికిని తెలియకుండ పోయి భీముని లేపినది ఎచ్చట? వంటయింటనే. కీచకుడు చచ్చినది నర్తనశాలలో. రాజుండు కొలువుకూటమున ద్రౌపది మొఱపెట్టుకొన్నది, ఫలము లేకపోయినది. కథ నడచినదంతయు వంటయింటినుండి నర్తనశాలవఱకు గల ఆ చీకటి దారిలో. కట్టెలు, నీరు, బియ్యము, పాలు, చేపలు, వార్తలు, అన్నియు నగరులోనికి వచ్చునది వంటవాకిటనే. సింహద్వారమున భటులుందురు, వంటవాకిట నెవరును ఎవరి ముఖమును చూడరు, నెత్తిమీది బుట్టనే చూతురు. ఏ వీరుడైనను శత్రువు నగరు దూరదలచినచో నెటు పోవును?

మా యమ్మాయి అచ్చటనే, మండపపు మెట్లమీద కూర్చుండి, మూడు పుటలు గీసినది. కావలివాడు వచ్చి తలుపులు మూయు వేళయైనదని చెప్పువఱకు లేవలేదు.

ఆ రాత్రి నాగర్‌కోయిలు బసలో ఆమె మాకొక ప్రసిద్ధమైన ఆటలోని యిల్లు చూపినది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆట అది. దానిలో గోల్డ్‌షైరు అను పల్లె, పల్లెలో నొక పూటకూళ్లిల్లు. పొయ్యి మండుచున్నది, మేడమీద మంచములున్నవి, క్రింద వంటయిల్లును, అందు వంటవాడును ఉన్నారు. ఈ పూటకూళ్లిండ్లలో నాట నిలిపి పోయినవారికి మరల వచ్చినప్పుడు విశ్రాంతిఫలము లభించునట. కొంతకాలము శత్రువును గెలిచిన ప్రతిసారియు అనుభవము రెట్టింపుగా లెక్కకు వచ్చును. ప్రతి ఆటగాని చేతిలోను పొయ్యిరాయి యను నొక రాయి యుండును. ఏ పూటకూళ్లింటిని తన యిల్లని చెప్పుకొనునో, లోకములో నెచ్చట చిక్కుకొన్నను ఆ రాయి ఆ పొయ్యిచెంతకు చేర్చును. ఈ యొక్క ఊహకు మేము మెచ్చితిమి. కత్తులు, మంత్రములు తలపోసినవారికిని ఇంటికి గుర్తేది యన్నప్పుడు పొయ్యియే తోచినది గదా!

అయినను అందును మాకు కనబడినవి కొన్ని గలవు. వేలమంది ఒకే లోకమున తిరుగుదురు గనుక, ఒకడు త్రాగిన కూజా మఱియొకనికి నిండుగా నుండవలెను. ఒకడు చెదరిన పరుపు మఱియొకనికి సర్దియుండవలెను. అందుచేత నే వస్తువును తఱుగదు, మాయదు. ఆన్‌లైను ఇండ్లకు సహజముగా నిది గొప్ప చిక్కు: జనము రాకపోకలు సాగుచుండగా ఇల్లు మాత్రము వారి స్పర్శ నెఱుగదు. దీనికి విరుగుడు ముందుగానే అరుగుదల గీయుటయే. మెట్టు నడుమ గుంట, తలుపు గొండ్లెము చుట్టు చేతిమసి, స్తంభమునకు వీపు ఆనించిన యెత్తున నూనెజిడ్డు. పాత యింటి స్తంభములను చూచినవారికి ఆ జిడ్డు ఎంత యెత్తున నుండునో చెప్పనక్కఱలేదు.

నెల గడచిన పిమ్మట మా యమ్మాయి ఉత్తరముతోపాటు చిత్రములు పంపినది. నలువది గదులు పందొమ్మిదియైనవి. బంగారుపూత కొలువుకూటపు నొక గోడకు మాత్రము మిగిలినది. ఆ గోడకెదురుగా జాలీ యున్నది. వంటయిల్లు నిలిచినది. పొయ్యిపైని గోడ కప్పువఱకు మసిబారి, నూతినుండి గడపవఱకు తడి అడుగులున్నవి. వెనుక ఆకులకుప్పయొద్ద కుక్క యొకటి. పై యధికారి చూచి, వీరు వండుచు వండుచు నెచ్చటికి లేచిపోయిరి, ఏమైనదని అడిగెనట. అంతకంటె మెప్పు తనకు వలదని ఆమె వ్రాసినది. మేము చిత్రములను దగ్గఱగా పెట్టుకొని చూచితిమి. రుబ్బురోలున్నది, పొత్రమున్నది, పిండి చిందినది గూడ నున్నది. రుబ్బువారు కూర్చుండుటకు పీట లేదు. ఆ సంగతి వెంటనే వ్రాసి పంపితిమి.